అద్దం ముందు అమ్మ

దిల్‌సుఖ్‌నగర్,
శుక్రవారం

చెల్లె భానుకు,

మీ అన్న ఆశీస్సులు. బాపు, అమ్మ, నేను ఆరోగ్యంగానే ఉన్నాం. క్షేమం అని రాయబోయి ఆగాను, ఎందుకో కింద తెలుస్తుంది. నీకు హాస్టల్ తిండి పడుతోందని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. బాపు మోకాలి నొప్పి తగ్గింది. షేర్ ఆటో మళ్ళీ ఎల్బీనగర్ దాకా తిప్పుతున్నాడు. నువ్వడిగిన తెల్ల బూట్లు కొన్నాను, అమ్మతో పంపుతాను. ఫొటో స్టూడియోలో నా పని మారలేదు. కోచింగ్ పిల్లలు పరీక్షల ఫొటోలకు వస్తారు, గడ్డం దించు, భుజాలు సమంగా పెట్టు, నవ్వకు అని పొద్దంతా చెప్పాలి. చెప్పీ చెప్పీ రోత పుట్టింది. ఎవరూ చూడడం లేదనుకున్నప్పుడే మనిషి నిజంగా ఉంటాడని, పోజు పెట్టడమంటే దొర ముందు చేతులు కట్టుకోవడమేనని మా సంఘం కరపత్రంలో రాశాను కదా. అది చదివి, అన్నా, నీకు కోపమెక్కువ, కామాలు తక్కువ అని రాశావు. నవ్వుకున్నాను.

ఇక నువ్వు కింద గీత గీసి మరీ అడిగిన సంగతి. పోయిన ఆదివారం నీ హాస్టల్‌కు వచ్చినప్పుడు నీ దోస్తు వాళ్ళమ్మ మీ ఇద్దరి ఫొటో తీస్తానంటే అమ్మ ఎందుకు మొహం తిప్పుకుంది, దుకాణం ఎందుకు మానేసింది అని. అమ్మ ఒంట్లో బాగానే ఉంది. కారణం నేను.

ఆషాఢం సేలు రోజుల్లో అమ్మ అన్నం డబ్బా మరిచిపోతే ఇవ్వడానికి చీరల దుకాణానికి వెళ్ళాను. కెమెరా మెడలోనే ఉంది. అమ్మ పని నీకు తెలుసు, గిరాకీ అడిగిన చీరను తన భుజం మీద వేసుకుని చూపించాలి. ఒకావిడ ఆకుపచ్చ పట్టుచీర అట్లాగే వేయించి చూసి, వద్దని వెళ్ళిపోయింది. అమ్మ చీర తీయలేదు. అద్దం వైపు తిరిగింది. కొంగు అంచు వేళ్ళతో పట్టుకుని, తల కొంచెం పక్కకు వంచి తనను తాను చూసుకుంది. ఆ చూపు నేనెన్నడూ చూడలేదు. మెట్ల దగ్గర నిలబడే తీశాను. మంచి ఫొటో, భానూ. నేను తీసిన ఒకే ఒక్క మంచి ఫొటో.

అక్కడితో ఆగాల్సింది. దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళ జీతాల మీద మేం వేస్తున్న పోస్టరుకు దాన్ని ఇచ్చాను. కింద పెద్ద అక్షరాలతో నేనే రాశాను: 'రోజూ భుజాన మోస్తుంది, ఒక్కనాడూ కట్టుకోలేదు'. అమ్మను అడగలేదు. అడిగితే పోజు అవుతుందని నా సిద్ధాంతం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో స్తంభాలకు అంటించాం. అమ్మ రోజూ పనికి పోయే దారే. చూసి గర్వపడుతుందనుకున్నాను.

తోటివాళ్ళు మొదట ఆటపట్టించారట. "సరూపక్కా, చీర జల్ది తియ్యి, నీ కొడుకు యాడ్నో దాక్కొని ఉంటడు" అని. అమ్మ కూడా నవ్విందట. ఆ తర్వాత సూర్యప్రభ గారని ఒక పాత గిరాకీ, తన పట్టుచీర ఒకటి కవరులో తెచ్చి అందరి ముందూ అమ్మ చేతిలో పెట్టింది. "పోస్టరు చూశాక మనసు ఊరుకోలేదమ్మా. రెండుసార్లే కట్టాను, నువ్వైనా కట్టుకో" అందట. ఆమె మంచి మనసుతోనే ఇచ్చింది. అమ్మ వద్దనలేకపోయింది.

ఇంటికొచ్చి ఆ కవరు నా ముందు పెట్టింది. నేను ఊరుకున్నానా? దానధర్మాల మీద, యజమానుల మీద ఉపన్యాసం ఎత్తుకున్నాను. నీ బాధను లోకానికి చూపించాను, తప్పేముంది అని అరిచాను. అమ్మ అరవలేదు.

"నేను బాధపడుతున్ననని నీకెవరు చెప్పిన్రు?" అంది. "బాగున్న అనుకున్న రా. గంతే. ఆకుపచ్చ నాకు మంచిగుంటదని జరసేపు నిలబడ్డ. దాన్ని తీస్కపోయి, పాపమని రాసి స్తంభానికి అంటిస్తివి."

ఆ క్షణాన్ని కళ్ళారా చూసింది నేనే, కానీ దాని అర్థం కరపత్రాల్లోంచి తెచ్చుకున్నాను. మర్నాటి నుంచి అమ్మ దుకాణానికి పోలేదు. ఇంట్లో బొట్టు కూడా అద్దం చూడకుండానే పెట్టుకుంటోంది.

నిన్న బకెట్‌తో నీళ్ళు, ఒక రేకు ముక్క పట్టుకుని స్తంభాలు గీకడానికి వెళ్ళాను. తడపగానే అమ్మ ముఖం ఊడి వచ్చింది. అక్షరాలున్న కింది భాగానికి మైదా జిగురు దట్టంగా పూసింది నేనే, అది రాలేదు. గోళ్ళతో గీకినా రాలేదు. బాపు ఆటో పక్క నుంచే పోయింది. నన్ను చూశాడు, ఆపలేదు.

ఇంటికొచ్చి, ఫొటో కెమెరాలోంచి తీసేయనా అని అమ్మను అడిగాను. చెయ్యి చాపింది. చాలాసేపు చూసింది. కెమెరా నాకు తిరిగి ఇవ్వలేదు, బీరువాలో తన చీరల కింద పెట్టుకుంది. నేను అడగలేదు, అడగను కూడా.

ఈ ఆదివారం అమ్మ నీ దగ్గరికి వస్తుంది. ఈ సంగతేదీ ఎత్తకు. చూడగానే అమ్మ బాగుందని నీకు అనిపిస్తే, బాగున్నవమ్మా అను. అనిపించకపోతే అనకు. నేను రాశాను కదా అని మాత్రం అనకు, అది అమ్మకు తెలిసిపోతుంది.

ఇట్లు,
ఆ స్తంభాల పక్క నుంచి తలవంచుకుని నడిచే
నీ అన్న
జైపాల్