మావయ్య కట్టిన కప్పుకి ఇనుప పట్టీలు

మంగళవారం, రాత్రి

ఈ బెంగాలీ ఊళ్లో మా సుభాష్‌పల్లి తెలుగు బడి పైకప్పుకి ఈరోజూ అనుమతి రాలేదు. ఆ కర్ర దూలాలు ఏళ్ల కిందట కట్టింది మావయ్యే, రైల్వే వర్క్‌షాపులో బోగీల వడ్రంగిగా చేసినవాడు. హిజ్లీ ఇంజినీరింగ్ కాలేజీ నుంచి వచ్చిన తెలుగు ఇంజినీరమ్మాయి నిచ్చెనెక్కి అతుకులన్నీ తట్టి చూసింది.

"నా పనిలో తప్పేటమ్మా?" అన్నాడు మావయ్య.

"తప్పు కాదు తాతగారూ. బరువు కిందికి నొక్కితే మీ అతుకు కదలదు. తుపాను గాలి కప్పుని పైకి లేపితే ఊడొస్తుంది. ఇనుప పట్టీలు, బోల్టులు వేస్తేనే సంతకం పెడతాను."

"బోగీకి బరువొక్కటే సూసీవోళ్లం. గాలి లేపుతాదని తెల్దమ్మా." చెవి మీది పెన్సిలు తీసి, బోల్టు కన్నాలకి తనే గుర్తులు పెట్టాడు.

స్కూటర్ మీద వస్తుంటే నా భుజం పట్టుకుని అడిగాడు: "ఇన్నాళ్లూ పిల్లలు దాని కిందే కూకున్నారు కదరా?"

స్కూటర్ నెమ్మది చేశాను.