ఆదివారం దాకా గొడ్డలి

బుధవారం

కోడలు సుజాత ఎట్లా ఉంది? నుదుటికి కుట్లు పడ్డాయి, ఒక కన్ను వాచి మూసుకుపోయింది. మనవరాలు చిన్ని ఎట్లా ఉంది? మాట లేదు, నా కొంగు వదలడం లేదు. నా భుజం పైకి లేవడం లేదు. నా కొడుకు వెంకన్న ఒంటి మీద మాత్రం ఒక్క గీత లేదు.

నిన్న తాగొచ్చి సుజాతను గొడ్డలి కామతో కొట్టాడు. అడ్డం పోతే నన్ను గోడకేసి విసిరాడు. గొడ్డలి పదునువైపు తిప్పేసరికి పక్కింటివాళ్ళు వచ్చి లాక్కుని నా చేతికిచ్చారు. మళ్ళీ తిప్పితే ఎవరు వస్తారు?

ఆదివారం భద్రాచలంలో తాగుడు మానేవాళ్ళ మీటింగు ఉందని దవాఖానాలో నర్సమ్మ చెప్పింది.

"తాగుబోతులంత ఒక్కకాడ కూసుంటే అది కల్లు దుకాణం కాదా బిడ్డా?"

"కాదమ్మా, మానినోళ్ళే మాట్లాడుతరు. ఇంటోళ్ళు గూడ రావొచ్చు."

పొద్దుగూకాక వెంకన్నకు చెప్పాను, తలుపు దగ్గరే నిలబడి. వాడు ఇంకా తాగలేదు.

"నలుగుర్ల నా ఇజ్జత్ తీస్తవా?" అని చెంబు గోడకేసి కొట్టాడు. చిన్ని చెవులు మూసుకుంది. వాడు పిల్లనే చూస్తూ నిలబడ్డాడు.

"గొడ్డలి యాడుంది?" అన్నాడు. చిన్నిని నా వెనక్కి లాక్కున్నాను.

"ఎందుకురా?"

"నాకు చెప్పకు. ఆదివారం దాకా నాకు దొరకనియ్యకే అమ్మా."

నమ్మాలా? తాగితే ఈ మాట గుర్తుంటుందా? గొడ్డలి వడ్ల బస్తాల వెనక పెట్టాను, మనసొప్పక తీసి నా పరుపు కింద పెట్టుకున్నాను.

"ఆయన రాకున్నా మనం పోదామత్తా" అంది సుజాత.

అవ్, పోతాం. ఆదివారం పొద్దున, మొదటి బస్సుకు.