సోని ఆన్‌లైన్‌లో ఉంది

12 జూన్ 2007, మంగళవారం

ఈరోజు ఉషారాణిని కొట్టాను. చెంప మీద రెండు, తర్వాత జడ పట్టుకుని గోడకేసి ఒకటి. పెదవి చిట్లింది.

భద్రాచలంలో నెట్ సెంటర్ చూసుకునేది నేను. మూల సిస్టమ్ మీద ఆర్కుట్ లాగౌట్ చేయకుండా వెళ్లింది నా సొంత చెల్లెలు. కాలేజీ నుంచి వచ్చి ప్రాజెక్ట్ వర్క్ అంటే ఫ్రీగా కూర్చోబెట్టాను, నాదే బుద్ధి తక్కువ. స్క్రాప్‌బుక్‌లో ఎవడో ప్రభాకర్ అట. హాయ్ ఉషా, మీరు భద్రాచలమా, ఫ్రెండ్‌షిప్ చేస్తారా అని రాశాడు. ఇది హాయ్ అని జవాబిచ్చింది. ఒక్క మాటే. నాకు ఒక్క మాట చాలు.

ఫొటో కూడ పెట్టలే కదనే, పువ్వు బొమ్మ పెట్టిన, హాయ్ అంటే ఏమైతది అన్నా అని అడిగింది. ఆ ఏమైతదికే రెండో దెబ్బ పడింది. అకౌంట్ నా ముందే డిలీట్ చేయించాను. అమ్మ పసుపు తడిపి దాని పెదవికి అద్దింది. నావైపు చూడలేదు.

14 జూన్

ఉష మాట్లాడటం మానేసింది. మానితే మానె.

17 జూన్, ఆదివారం

ఆ ప్రభాకర్ ప్రొఫైల్ మొత్తం చదివాను. దుమ్ముగూడెం వైపు కోయ పల్లె. ఆశ్రమ పాఠశాలలో సారు. ఇష్టమైనవి వాన, క్రికెట్, చేపల పులుసు. చేపల పులుసు అట! ముళ్లు నేను గుచ్చుతా.

మా బాబాయ్ కొడుకు భాస్కర్‌కి చెప్పాను. వాడు బూర్గంపాడు రోడ్డు మీద ఆటో నడుపుతాడు, ఎవరినైనా కొట్టాలంటే కిరాయి కూడా వదిలేసి వస్తాడు. దొరికితే కాళ్లిరగ్గొడదం, గని ఎట్ల రప్పిస్తవ్ అన్నాడు. మగాడు పిలిస్తే రాడు. ఆడపిల్ల పిలిస్తే గోదావరి ఈదుకుంటూ వస్తాడు. అందుకని మధ్యాహ్నం కరెంటు రాగానే ఒక ఆడపిల్లను తయారుచేశాను. పేరు సోని. ఇరవై ఏళ్లు. లంబాడీ పిల్ల, నర్సింగ్ ట్రైనింగ్. ఫొటో బదులు గులాబి. భద్రాచలం కమ్యూనిటీలో చేరి వాడికి హాయ్ కొట్టాను. టీ తాగి వచ్చేసరికి జవాబు ఉంది.

2 జులై

ఇప్పుడు యాహూ చాట్‌లోకి మారాం. వాడు శనాదివారాలు పట్నానికొచ్చి వేరే సెంటర్‌లో కూర్చుంటాడు. ఒక్కోసారి మామూలు రోజుల్లో కూడా బస్సెక్కి వస్తాడు. అక్షరం అక్షరం వెతుక్కుని టైప్ చేస్తాడు, వాడి లైను వచ్చేలోపు నేను ఇద్దరు కస్టమర్లకు ప్రింట్లు తీసి ఇస్తాను. మొదట్లో వాడి మెసేజ్‌లు భాస్కర్‌కి చదివి వినిపించేవాణ్ని. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం.

ఈరోజుది వినిపించలేదు. నీకు దేనికి భయం సోనీ అని అడిగాడు. చీకటికి అని కొట్టేశాను. ఆలోచించే లోపే ఎంటర్ నొక్కాను. చీకటంటే ఈ కిషన్‌లాల్‌కి, అంటే నాకు, భయమని ఈ లోకంలో ఉషకు తప్ప ఎవరికీ తెలియదు. చిన్నప్పుడు దాని చెయ్యి పట్టుకుంటేగానీ నాకు నిద్ర వచ్చేది కాదు. ఇంకొకరికి తెలిస్తే తండాలో తలెత్తుకు తిరగలేను.

వాడు నవ్వలేదు. నాక్కూడా భయమే, పిల్లలు పడుకున్నాక కూడ లైటు ఆర్పను, వార్డెన్ తిడతడు అని రాశాడు.

మగాడివై ఉండి ఎట్లా రాస్తావురా ఆ మాట.

9 జులై

భాస్కర్ ఎప్పుడురా ఎప్పుడురా అంటున్నాడు. వాడికింకా నమ్మకం కుదరలేదని చెప్పాను. అబద్ధం.

21 జులై, శనివారం

సెంటర్‌లో రక్తం. నేను బయటికి వెళ్లి వచ్చేసరికి డిగ్రీ చదివే ఒకడు నా సిస్టమ్ ముందు కూర్చుని సోని విండో చదువుతున్నాడు. ఏందన్నా, నువ్వు ఆడదానివైనవా, వంట గిట్ల వచ్చా అని నవ్వాడు. కీబోర్డు పీకి ముక్కు మీద కొట్టాను. ముక్కు ఒకవైపుకు తిరిగింది. కీలు నేలంతా చెదిరాయి. వాడు పారిపోతూ కూడా నవ్వుతూనే ఉన్నట్టు అనిపించింది, రోడ్డు దాకా తరిమాను. ఓనర్ వచ్చి నీకు పిచ్చి గిట్ల లేసిందారా అని అరిచాడు.

సాయంత్రం కీలు ఏరి మళ్లీ కీబోర్డులో బిగించాను. ఎవరికైనా చెప్పాలి. చెప్పడానికి నాకెవరున్నారు? కిషన్‌లాల్‌కి ఎవరూ లేరు. సోనికి ఒకడున్నాడు. కానీ సోని ఎవరి ముక్కూ పగలగొట్టదు కదా. అందుకని మా అన్న నన్ను కొట్టాడు అని రాశాను. జడ పట్టుకుని గోడకు కొట్టాడని, పెదవి చిట్లిందని, ఒక్క హాయ్‌కి అని. ఉష ఎలా చూసిందో, గోడ ఎంత చల్లగా ఉండి ఉంటుందో, అన్నీ రాశాను. రాస్తుంటే నా పెదవే మండింది.

మీ అన్న మనిషేనా అని అడిగాడు.

మనిషే, చిన్నప్పుడు మా నాయన అన్నను గొడ్డలి కామతో కొట్టేవాడు, ఏడిస్తే ఇంకో రెండు వేసేవాడు అని రాశాను. అది నిజం. మా నాయన రూప్లా పోయి రెండేళ్లయింది, నా వీపు మీద ఇంకా ఉన్నాడు.

అయితే మీ అన్నకు ఇంకా ఎక్కువ సిగ్గుండాలె అని రాశాడు ప్రభాకర్.

మౌస్ విసిరి కొట్టాను. తర్వాత దాన్ని బల్ల కింద నుంచి తీసి, తుడిచి, సెంటర్ మూసేదాకా వాడితో మాట్లాడాను.

12 ఆగస్టు

సోనిగా ఉన్నంతసేపు నాకు కోపం రాదు. ఇది రాసుకోవడానికే సిగ్గుగా ఉంది.

15 ఆగస్టు

జెండా పండుగ లడ్డూలు తింటూ అందరి ముందూ భాస్కర్ అడిగేశాడు. ఏంరా, వానితోని సంసారం చేస్తున్నవా, మాకు బావ అయితడా అని. తండా పిల్లలంతా గొల్లున నవ్వారు. భాస్కర్ మీద పడ్డాను. వాడు నా చెవి కొరికాడు, నేను వాడి పన్ను ఊడగొట్టాను. పెద్దలొచ్చి విడదీశారు.

పన్ను పోయినా వాడు నవ్వుతూనే, మగోనివైతే ఈ తీజ్ పండుగకి పిలువు అన్నాడు.

పిలుస్తాను. నన్నేమనుకున్నారు?

19 ఆగస్టు, ఆదివారం

పిలిచాను. భాస్కర్ నా వెనకే నిలబడ్డాడు. తీజ్ చివరి రోజు మా ఆడపిల్లలు గోధుమ మొలకల బుట్టలు కిన్నెరసాని ఒడ్డుకు తెస్తారు, నువ్వు రా అని రాశాను. నిన్నెట్ల గుర్తుపట్టాలె అని అడిగాడు. భాస్కర్ ఎర్ర చున్నీ అని రాయమన్నాడు.

నేను ఇంకొకటి రాశాను. బుట్టలు నీళ్లలో కలిపినంక అన్నలు చెల్లెళ్ల కాళ్లు కడుగుతరు. ఏ పిల్ల వాళ్ల అన్నకు కాళ్లియ్యదో అది నేనే.

ఎందుకు రాశానో తెలియదు. సోని అయితే అట్లాగే చేస్తుంది. భాస్కర్ భుజం తట్టి మస్తు ఐడియా అన్నాడు, ఏ పిల్లా అట్ల చెయ్యదు కాబట్టి వాడు వెతుక్కుంటూ దొరుకుతడని.

27 ఆగస్టు

తీజ్ మొదలైంది. ఉష కూడా బుట్టలో గోధుమలు చల్లింది. పాటలు పాడుతూ నీళ్లు పోస్తోంది, నన్ను చూసి పాట ఆపింది.

రావద్దు అని టైప్ చేశాను. చెరిపాను. మళ్లీ చేశాను. కరెంటు పోయింది. కరెంటు పోయిందని రాసుకుంటున్నాను కానీ, వచ్చాక కూడా పంపలేదు.

4 సెప్టెంబర్, మంగళవారం

చేతులు కడిగాను. గోళ్లలోది పోవడం లేదు.

పొద్దు వాలకముందే ఒడ్డు నిండిపోయింది. డప్పులు, ఆడవాళ్ల ఆటలు. మొలకలు నీళ్లలో కలిశాయి. అన్నదమ్ములం చెంబులు పట్టుకుని వరసగా కూర్చున్నాం. భాస్కర్, ఇంకో ఇద్దరు కర్రలతో తుమ్మచెట్ల వెనక ఉన్నారు. నేను ఉష ముందు వంగాను.

అది కాళ్లు వెనక్కి లాక్కుంది. అందరికీ వినబడేట్టు, వీడు నా పెదవి పగలగొట్టిండు, వీనికి నా కాళ్లియ్య అంది.

డప్పు ఆగింది. నేను సోనిగా రాసిన మాట ఉష చేసింది. దానికి ఎవరూ చెప్పలేదు. జూన్ నుంచి అది లోపల దాచుకున్న మాటే నేను దాని తరఫున రాశానన్నమాట.

వెనక నుంచి సోనీ అని పిలుపు. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా. బురదకు చెప్పులు చేత పట్టుకున్నాడు. నేరుగా ఉష దగ్గరికొచ్చి, నేను ప్రభాకర్‌ను అన్నాడు. ఉష భయపడి నువ్వెవరో నాకు తెల్వదు, నేను సోనిని కాదు అంది. వాడు తల ఊపాడు, అర్థమైనట్టు. నావైపు తిరిగాడు. అన్నా, ఈమెను ఇంక కొట్టకుండ్రి, చీకటంటే భయపడే పిల్ల, రాత్రిపూట లైటు ఉండాలె, మీ నాయన మిమ్మల్ని గొడ్డలి కామతో కొట్టిండని మీరు ఈమెను కొడితే ఎట్ల అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడో.

ఉష నన్ను చూసింది. చీకటంటే దానికి భయం లేదు. ఎవరికి భయమో దానికి తెలుసు.

నాకు ఆ క్షణాన చెల్లెలి పరువు గుర్తురాలేదు. వాడు నోరు మూయాలి, అంతే. ఇంకో మాట చెబితే నేను ఒడ్డు మీద బట్టల్లేకుండా నిలబడ్డట్టే. చెంబుతో మూతి మీద కొట్టాను. కింద పడ్డాడు. భాస్కర్ వాళ్లు కర్రలతో వచ్చారు. నేను ఒక కర్ర గుంజుకున్నాను. వీపు, నడుము, మోకాళ్లు. తల కాపాడుకోవడానికి కుడి చెయ్యి అడ్డం పెట్టాడు. మణికట్టు ఎండు వెదురులా విరిగింది. అది చూశాక కూడా కొట్టాను. వాడు నన్ను తిట్టలేదు. సోనీ ఇంటికి పో, చూడకు అంటున్నాడు.

మా అమ్మ కమ్లి వచ్చి వాడి మీద అడ్డంగా పడుకుంది. ఆగని దెబ్బ ఒకటి అమ్మకు తగిలింది. నాయన పోయాక అమ్మకు తగిలిన మొదటి దెబ్బ అది.

5 సెప్టెంబర్

ఉష బట్టలు సర్దుకుంది. హాస్టల్‌కి పోతుందట. గడప దగ్గర ఆగి మెల్లగా, సోనివి నువ్వేనా అంది. మూడు నెలల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట. నేను చెయ్యెత్తాను. అది కదల్లేదు. కొట్టు, గని ఆమె నీకంటె మంచిది అంది.

చెయ్యి దించాను. అది వెళ్లిపోయింది.

8 సెప్టెంబర్

పోలీసులు రాలేదు. దవాఖానాలో ప్రభాకర్ ఎవరి పేరూ చెప్పలేదట, చెట్టు మీంచి పడ్డానన్నాడట. బతికిపోయినం అని భాస్కర్ ఎగురుతున్నాడు.

సోని అకౌంట్ డిలీట్ చేయడానికి మూడుసార్లు కూర్చున్నాను.

16 సెప్టెంబర్, ఆదివారం

మెసేజ్ వచ్చింది. ఎడమ చేత్తో కొడుతున్నా సోనీ, తప్పులుంటే ఏమనుకోకు. తెల్వదు అన్నవు, భయంతోని అన్నవని నాకు తెలుసు. పేరు చెప్తే ఇంట్ల నిన్నే కొడతరని చెప్పలే. ఒక్కటి చెప్పు, నిన్ను మళ్లీ కొట్టిండా?

కీబోర్డు దగ్గరికి లాక్కున్నాను.

లేదు, ఇయ్యాల ఏడుస్తున్నడు అని కొట్టాను.