స్ప్రింక్లర్ నీటి మచ్చల నుండి మా ఇల్లు బస్సును విడిపించుట గురించి

ఇబ్రహీంపట్నం,
తేది: 24–03–2025

పార్కుల పర్యవేక్షణ అధికారి గారి సముఖమునకు,

వెన్నెల ఎన్‌క్లేవ్ కాలనీ, నాలుగో వీధి నివాసి, రమాకాంత్ గారి భార్య, గృహిణి నిర్మల సమర్పించుకొను అర్జీ.

విషయం: కాలనీ పార్కులోని ఐదవ నంబరు స్ప్రింక్లర్ మా వాహనంపై నీరు చల్లుట, తెల్ల మచ్చలు ఏర్పడుట, తత్ఫలితంగా మా అత్తగారు సముద్రం చూడలేకపోవుట గురించి.

అయ్యా,

(తమరు అమ్మగారైతే అమ్మా అని చదువుకోగలరు. తమ గది బయటి బోర్డు మీద హోదా ఉన్నది గానీ పేరు లేదు.)

1. మా ఇంటాయన బస్సు బాడీలు కట్టే షెడ్డులో ఇరవై ఆరేళ్ళు పనిచేసి మానుకున్నారు. మానుకున్నాక ఒక పాత మినీ బస్సు తెప్పించి, అందులో మంచం, పొయ్యి, చిన్న బాత్రూము అమర్చారు. కాగితాల్లో దాని పేరు క్యారవాన్. కాలనీలో ఇల్లు బస్సు. ఇది మా అత్తగారు వజ్రమ్మ గారి నిమిత్తం కట్టినది. ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళు వంగవు, గంటకోసారి బాత్రూముకు పోవాలి. అందుచేత రైలు, కారు ఏదీ కుదరక ఇంతవరకు సముద్రం చూడలేదు. ఇంట్లోనే పడుకుని సూర్యలంక దాకా పోవచ్చునని ఆమెకు మాట ఇవ్వడమైనది.

2. బండి పొడవు ఇరవై రెండు అడుగులు. మా గేటు లోపలి జాగా తొమ్మిది. కావున బండిని పార్కు కంచె పక్కన రోడ్డు మీద నిలిపియున్నాము. ఇది తప్పేనని తమరు అనకముందే ఒప్పుకుంటున్నాను.

3. పార్కు గడ్డికి ఆరు స్ప్రింక్లర్లు ఉన్నవి. మిగతా ఐదు గడ్డి వైపే సగం తిరిగి వెనక్కి వస్తాయి. ఐదవ నంబరుది మాత్రం చుట్టూ తిరిగి, ప్రతి చుట్టులో మా బండిని ఒకసారి తడుపుతుంది. బోరు నీళ్ళు. మీద ఎండ. తొమ్మిది గంటలకల్లా బండి అంతటా తెల్ల మచ్చలు. పాల లెక్క రాసుకునే పుస్తకం వెనుక పేజీల్లో నేను మచ్చల లెక్క కూడా రాస్తున్నాను. నవంబరు 16న ఒక్క కిటికీ అద్దం మీదే 214. మర్నాడు మా ప్రయాణం. "ఇన్ని మచ్చల బండిల పోతే నా పనితనం ఏం గావాలె?" అని మా ఇంటాయన ప్రయాణం ఆపివేశారు.

4. నివారణకై మేము తీసుకున్న చర్యలు:

అ) టార్పాలిన్ కప్పితిమి. నీళ్ళు దాని కిందికి చేరి, ఆరక, మచ్చలు ఇంకా ముదిరినవి. పైగా ఒక పిల్లి దాని కింద నాలుగు పిల్లలను పెట్టినది. బాలింతను కదపరాదని అత్తగారు పదిరోజులు టార్పాలిన్ ముట్టుకోనివ్వలేదు.

ఆ) నా పాత చీరలు ఎనిమిది కంచెకు వరుసగా కట్టితిని. ఎదురింటి భవాని వచ్చి "ఏం ఫంక్షన్ అక్కా, మమ్ముల పిలువనే లేదు?" అని నిష్ఠూరమాడినది. సాయంత్రానికి ఇంకా ముగ్గురు అడిగినందున చీరలు విప్పడమైనది.

ఇ) మేము ఇంట్లో లేని సమయం చూసి అత్తగారు చింతపండు, బూడిద కలిపి ఎడమ తలుపు తోమినారు. "ఇత్తడి బిందె మీది మరకే పోయింది, గిది పోదా?" అన్నారు. మరక పోయినది. రంగు కూడా పోయినది. కింది రేకు తాంబాళమంత గుండ్రంగా కనిపించుచున్నది. మా ఇంటాయన ఆ పూట అన్నం తినలేదు.

ఈ) చివరకు మెత్తని బట్టతో నిమ్మరసం రాసి, ఫిల్టర్ నీళ్ళతో కడిగి, పొడిగా తుడిచి, పైన పాలిష్ మైనం రెండు పూతలు వేసితిమి. ఇది పనిచేసినది. నీరు పడినా ముత్యాల్లా జారిపోవుచున్నది. ఇలాంటి బాధ ఉన్న ఇతర పౌరులకు తమరు చెప్పవచ్చును.

5. పార్కు వాచ్‌మన్ మల్లేశయ్య మంచివాడు. మొదట "అక్కా, గది దాని ఇష్టమున్నట్టు తిరుగుతది, నేనేమన్న తిప్పుతున్ననా?" అన్నాడు గానీ, నవంబరు నెలాఖరున దాని మూతిని గడ్డి వైపు తిప్పి బిగించాడు. ఆనాటి నుండి నా పుస్తకంలో అన్నీ సున్నాలు. తమ శాఖపై నాకు ఫిర్యాదు లేదని ఇందుమూలముగా తెలియజేయుచున్నాను.

6. అయితే డిసెంబరు 8న మళ్ళీ ప్రయాణం పెట్టుకున్నాము. 7వ తేదీన బండి మొత్తం తడిసి, మైనానికి కూడా ఆగక, మచ్చలు 300 దాటినవి. ప్రయాణం ఆగినది. అత్తగారు కొడుకుతో "నీ బస్సు కంటె ముందుగల నేనే నడుసుకుంట పోత తియ్యి" అన్నారు. మల్లేశయ్య మళ్ళీ బిగించాడు. మళ్ళీ సున్నాలు. జనవరి 5న మూడో ప్రయాణం. నవంబరు నెలాఖరు నుండి సున్నాలే ఉండి, సరిగ్గా ప్రయాణం ముందు రోజే మూడొందలు ఎందుకు వచ్చినదని పుస్తకం ముందు పెట్టుకుని ఆలోచించితిని.

7. జనవరి 4, ఉదయం ఆరున్నర. వంటింటి కిటికీలోంచి చూడగా ఒక వ్యక్తి పార్కులో వంగి, పానాతో ఐదవ నంబరు మూతిని మా బండి వైపు తిప్పుచున్నాడు. సదరు వ్యక్తి మా ఇంటాయన.

నేను పోయి "ఏం జేస్తున్నరు?" అన్నాను.

"నీళ్ళు అందుతలెవ్వని సూస్తున్న."

"ఎవరికి? గడ్డికా, బండికా?"

పానా కింద పెట్టి బెంచీ మీద కూర్చున్నారు. "నిర్మలా, బాడీ కట్టుడు వేరు, తోలుడు వేరు. నేను కట్టిన బండ్లన్ని డ్రైవర్లే తోలుకపోయిన్రు. షెడ్డు గేటు దాక తప్ప నేనెన్నడు తోలలే. అమ్మను ఎక్కిచ్చుకోని హైవే మీద... నాతోని గాదు" అన్నారు.

"గీ ముచ్చట ముందే చెప్పొద్దా?"

"బస్సు కట్టినోనికి బస్సు తోలరాదంటె కాలనీల నవ్వరా?"

డ్రైవరును పెట్టుకుందామంటే, తన బండిని పరాయివాని చేతికి ఇవ్వనన్నారు. అది కూడా నిజమే. మూడో ప్రయాణం కూడా ఆగినది. అత్తగారికి మచ్చలనే చెప్పాము. అది మొదలు ఆమె సముద్రం మాట ఎత్తడం మానుకున్నారు. అలిగితే ఓర్చుకునేదాన్ని. అలగడం కూడా మానేశారు. అయ్యా, ఈ అర్జీకి అసలు కారణం ఇదే.

8. నేను తుర్కయాంజాల్‌లో డ్రైవింగు స్కూలులో చేరితిని. నేర్పిన అమ్మాయి కృపారాణి. మొదటి రోజు "అక్కా, రోటి కాడ కూసున్నట్టు కూసోకు, వెనకకు ఆనుకో" అన్నది. ఇంట్లో పళ్ళ దవాఖానకని చెప్పి పోయేదాన్ని. ఇరవై రెండు రోజులు పళ్ళ దవాఖానకు పోయినా, ఏదీ నోరు చూపించమని ఆయన ఒక్కనాడు అడగలేదు. లైసెన్సు వచ్చినది. మా బండి బరువుకు అది చెల్లునని కాగితాలు చూపి రూఢి చేసుకున్నాను. లైసెన్సు నకలు జతపరచడమైనది.

కావున కోరునది ఏమనగా:

ఐదవ నంబరు స్ప్రింక్లర్ మూతికి, పానాకు లొంగని ఇనుప తొడుగు బిగించి తాళం వేయించగలరు. తాళంచెవి మల్లేశయ్య వద్ద ఉండవలెను. మా వీధిలో ఎవరికీ, ముఖ్యంగా మా ఇంటికి, ఇవ్వరాదు.

పానా విషయమై మా ఇంటాయనపై చర్య తీసుకోవద్దని వేడుకుంటున్నాను. తప్పనిసరి అయితే నెల రోజులు ఆ పార్కులో కలుపు నేను తీస్తాను.

ఈ విన్నపాన్ని చిత్తగించి, ఎండలు ముదరకముందే దయచూడగలరని ఆశిస్తూ,

తమ విధేయురాలు,
నిర్మల

తా.క.: రెండో పేరాలో ఒప్పుకున్న తప్పుపై వెంటనే నోటీసు ఇవ్వగలరు. మా ఇంటాయనకు ఆఫీసు ముద్ర ఉన్న కాగితమంటే మహా భయం, దాన్ని ఎన్నడూ దాటరు. ఇంకొకటి, కాలనీలో "ఏం జేస్తం, ఆఫీసోళ్ళు తియ్యమన్నరు" అని చెప్పుకోవడానికి ఆయనకు ఒక దారి ఉంటుంది. అయితే ఊరికే "వాహనమును తొలగించవలెను" అని రాస్తే కంచె ఆ పక్క నుండి ఈ పక్కకు నెట్టిస్తారు. అందుచేత "సదరు వాహనమును శ్రీమతి నిర్మల స్వయముగా నడిపి, ఆదివారము ఉదయములోగా తొలగించవలెను" అని స్పష్టముగా రాయించి, ముద్ర కొంచెం పెద్దదే వేయించగలరు. అత్తగారి చీరలు నాలుగు బండిలో సర్ది పెట్టాను.