అమ్మ కారు స్టీరింగు ఎడమకు మారిన సంగతి

కుమాసి వాహన తనిఖీ ముఖ్యాధికారి గారి సముఖమునకు,

విషయం: మా అమ్మగారి పాత మోరిస్ మైనర్ కారు స్టీరింగును కుడి నుండి ఎడమకు మార్పించినను తనిఖీలో తిరస్కరించుట గురించి.

అయ్యా,

యా అడొమాకో అను నేను విన్నవించుకొనునది:

1. మా అమ్మ అబెనా టవియా ఒకప్పుడు సదరు కారులో ఊరూరా తిరిగి రొట్టెలు అమ్మేది. మన దేశంలో బండ్లు ఇకపై రోడ్డుకు కుడి పక్కన నడవాలని ఉత్తర్వులు వచ్చాక, కుడి స్టీరింగు వెనక కూర్చున్న అమ్మకు ముందు బండిని దాటాలంటే ఎదురుగా ఏమొస్తోందో కనిపించేది కాదు. ఎడమ సీటులోని మా పిన్ని చూసి చెప్పాలి. ఒకనాడు పిన్ని "ఏం రావట్లేదక్కా, పోనియ్" అన్నది. వచ్చింది. కోకో లారీ. కాలువలో పడి, రొట్టెల మధ్య నుంచి ఇద్దరూ క్షేమంగా లేచారు. కారు షెడ్డుకు చేరింది. అందులో కోళ్లు కాపురం పెట్టాయి.

2. ఎనభై దాటిన అమ్మ ఇప్పుడు "నా కళ్లతో చూసుకుని నేనే తోలాలి" అని పట్టుబట్టగా, సువామె పేటలోని మెకానిక్కులచే స్టీరింగు, పెడల్స్ ఎడమకు మార్పించడమైనది. అమ్మ లైసెన్సు పరీక్ష కూడా నెగ్గినది.

3. తమ తనిఖీదారు ఒపారే గారు "పాత కాగితాల్లో స్టీరింగు కుడివైపుంది. ఇది ఆ కారు కాదు" అన్నారు. అమ్మ "నాయనా, దేశమంతా ఎడమ నుంచి కుడికి మారింది గదా, అప్పుడు ఇది ఆ దేశం కాదన్నావా?" అని అడిగినది. వరుసలోని ట్రోట్రో వ్యాన్ల డ్రైవర్లు చప్పట్లు కొట్టుటచే ఆయన ఫైలు మూసేశారు. చప్పట్లలో నా పాత్ర ఏమీ లేదు. కొద్దిగా ఉంది.

4. ఎజిసులోని పిన్ని రోజూ ఫోను చేసి "ఏమక్కా, కారు కదిలిందా, గుడ్లు పెట్టిందా?" అంటోంది. ఆ బెంగతో అమ్మ రోజూ ఇష్టంగా తినే ఫుఫు ముద్ద కూడా ముట్టడం మానేసింది. ఆవిడ ఎదుట మేమెలా తింటామండీ? ఈ వయసులో ఆమెను ఇంకెన్నాళ్లు ఆగమనాలి?

కావున మరొక తనిఖీదారును నియమించి న్యాయం చేయుటకు ఈ నా మొర చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయుడు,
యా అడొమాకో

తా.క.: దీన్ని కవరులో పెట్టేలోపే, ఆదివారం చర్చి నుంచి వస్తూ ఒపారే గారు మా ఇంటికొచ్చి "ఏదమ్మా, ఆ కారు ఇంకోసారి చూపించు" అన్నారు. అమ్మ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని బడి మైదానమంతా తిప్పింది. "బ్రేకమ్మా, బ్రేకు!" అంటూ ఆయన తనవైపు లేని బ్రేకును తొక్కుతూనే ఉన్నారు. దిగాక పడీపడీ నవ్వారు. ఈ ఉదయం సంతకం పెట్టేశారు. అమ్మ ఎజిసుకు బయల్దేరింది కూడా. కాబట్టి ఫిర్యాదులన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. అర్జీని మాత్రం పంపుతున్నాను; రాయడానికి చాలా కష్టపడ్డానండీ.