దివిటోళ్ళ దారి

గోదావరిఖని

అనంతరామ్ కాకకు నమస్కారం. (పాదాలకు కాదు, మనిషికి.)

మన ఇంటిపేరు ‘దివిటి’ ఎట్లా వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? దొర పల్లకిలో కునుకు తీస్తుంటే మన తాతముత్తాతలు దివిటీ పట్టుకుని ముందు పరుగెత్తారు. వెట్టి! దాన్ని ఇంకా పేరుగా మోయడానికి నాకు సిగ్గు. మా గని కార్మికుల కాలనీకి నీళ్ళు కావాలని పై వారం శనివారం సాయంత్రం గని పెద్దసారు బంగళాకు కాగడాల ఊరేగింపు తీస్తున్నాం. ముందు నడిచేది నేనే. అక్కడే, కార్మికులందరి ఎదుట, ఆ పేరు వదిలేస్తున్నా.

ఉత్త ఋషికేశ్

తా.క.: కాగడాలు అంటుకోగానే ఆరిపోతున్నాయి. గుడ్డ ఎట్లా చుట్టాలో మీకేమైనా తెలుసా?

మంథని

చిరంజీవి ఋషికేశ్‌కు కాక ఆశీస్సులు.

ఫోన్ల చెప్పొచ్చు గని, ఫోన్ల నువ్వు ఉపన్యాసమే ఇస్తవు. దొర లేడు, పల్లకి లేదు బిడ్డా. మా ముత్తాత రఘుపతి పెండ్లి ఊరేగింపుకు దివిటి పట్టిండు. దారి అడుగుడు నామోషీ అనుకొని, పెండ్లికొడుకును ఇంకో ఊరి పెండ్లింటికి తోల్కపోయిండు. వాళ్ళు కాళ్ళు కడిగి, పానకం పోసి, అప్పుడు మొఖం చూసి ‘నువ్వెవలు నాయనా’ అన్నరట! అప్పటిసంది ఊరంత ‘దివిటోళ్ళు’ అని నవ్వుడు. గది వెట్టి కాదు, ఎక్కిరింపు. నా బిడ్డలిద్దరు అత్తగారిండ్ల పేర్లకు మారిండ్రు. నువ్వు గూడ ఇడిస్తే ఈ పేరు నాతోనే ఆఖరు.

మీ కాక

తా.క.: పాత నూలుగుడ్డ బిగ్గ చుట్టి నూనెల బాగ నాననియ్యి. దారి గూడ ఎవలనన్న అడుగు.

గోదావరిఖని

కాకకు కోపంతోనే నమస్కారం.

పనివాడు దారి తప్పితే ఊరంతా నవ్వుతుంది. దొర ఊరినే దారి తప్పించినా దండ వేస్తుంది. మీ నవ్వు ఎవరి పక్షం? నేను నమ్మను. పేరు పోవాల్సిందే.

ఋషికేశ్

తా.క.: గుడ్డ చిట్కా పనిచేసింది. దారి మాత్రం అడగను. ముందు నడిచేవాడే అడిగితే వెనకవాళ్ళు ఏమనుకుంటారు?

గోదావరిఖని

కాకకు నమస్కారం, ఈసారి పాదాలకే.

బంగళాలన్నీ ఒకే అచ్చు. దీపాలు వెలిగే గేటు చూసి, పెద్దసారుదే అనుకుని ‘డౌన్ డౌన్’ అన్నాం. కోస్తా నుంచి వచ్చిన ఇంజనీరు కామేశ్వరరావు గారు పన్నీరుబుడ్డితో పరుగెత్తుకొచ్చారు. కూతురు ఆమని నిశ్చితార్థమట! కాగడాలు చూసి మమ్మల్ని మగపెళ్ళివారనుకున్నారు. “రండి రండి! ఇక్కడ డౌన్ డౌన్ అంటూ వస్తారని మాకు తెలీదండీ!” నా మెడలో దండ పడింది. వెనక్కి తిరిగితే నా జనం అప్పటికే భోజనాల బంతిలో కూర్చున్నారు. పేరు వదిలేద్దామని నోరు తెరిచానో లేదో, మా సంఘంలో పెద్దామె పోశవ్వ బూరె నములుతూ, “ఏ దివిటన్నా, రేపన్న పెద్దసారు కాడికి తోల్కపోతవా, లేక ఇంకో పెండ్లికా?” అంది. ఇప్పుడు ఖని అంతా అదే పిలుపు. నేను వదిలినా అది నన్ను వదిలేట్టు లేదు.

దివిటి ఋషికేశ్

తా.క.: రఘుపతి ముత్తాత మీద ఇక అనుమానం లేదు. రక్తం అబద్ధమాడదు.

మంథని

చిరంజీవి దివిటి ఋషికేశ్‌కు ఆశీస్సులు. (పూర్తి పేరుతోని రాస్తుంటే పానం నిమ్మలమైంది.)

బిడ్డా, రఘుపతి అనేటోడు మన ఇంట్ల ఎవడు లేడు. పేరు పోతదని బుగులుపడి నేనే అల్లిన. గీ పేరు ఎట్లొచ్చిందో మా తాతకు గూడ తెల్వది. ఫికర్ లేదు. ఇగ ఎవలన్న అడిగితే చెప్పుతందుకు అసలు కథ దొరికింది, దండతోని సహా.

మీ కాక

తా.క.: నీళ్ళ కోసం మళ్ళ పోయేటప్పుడు పోశవ్వను ముందు నడువుమను. నువ్వు దివిటి పట్టు, చాలు.