పెత్తనం లేని వీధికి కొళాయి

మే 28, 1978. ఆదివారం.
దోసెల పిండి రుబ్బడం – అయింది. మామిడి ముక్కలు ఎండబెట్టడం – అయింది. దుప్పట్లు – రెండు మిగిలాయి, నీళ్ళు చాలలేదు. బావికి ఆరు నడకలు.
ఆరూ చెంగల్రాయుడు గారి చేను చుట్టూ తిరిగే. అడ్డంగా నడిస్తే ఎంతో దూరం లేదు. కానీ చేను ఆయనది. ఎవరిది వాళ్ళది – ఈ వీధిలో ఇళ్ళు కట్టుకునే ముందు అందరం ఒప్పుకున్న మొదటి మాట.
భుజం లాగుతోంది. అయినా సాయంత్రం వరండాలో కూర్చుని పాడుకున్నాను. గట్టిగానే.

మే 29.
మా వరండాలో వీధంతా. అధ్యక్షుడు లేడు కాబట్టి మాట మొదలుపెట్టేవాళ్ళు లేరు. కాఫీలు అయిపోయేదాకా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాస్టారిని మొదలుపెట్టమంటే – నన్నెవరు పెద్దను చేశారండీ, అంటారు. కాలేజీలో రిటైరయ్యాక ఇల్లిల్లూ తిరిగి, ఎవరి మీదా ఎవరి పెత్తనం లేకుండా బతుకుదాం రండి అని మమ్మల్నందరినీ చేర్చింది ఆయనే.
చివరికి నేనే వంటింట్లోంచి – కొళాయి సంగతి ఏమయింది? – అన్నాను. అంతే, తూము తెరిచినట్టు.
పైపు చెంగల్రాయుడు గారి చేనులోంచి తప్ప రాదని ఫిట్టరు తేల్చేశాడు. ఆయన మేము రాకముందు నుంచీ ఉన్న పాత కాపు, మాలో చేరలేదు. మా బావిలో భాగం తీసుకోమంటే మొదట్లోనే వద్దన్నారు. ఒకసారి వద్దన్న మనిషిని మళ్ళీ అడగకూడదు – అదీ మా కట్టుబాటే. ఇప్పుడెలా?
మొహాన అడిగితే మొహమాటపెట్టినట్టు అవుతుందట. కార్డు రాసి పోస్టులో వేస్తే తీరిగ్గా ఆలోచించుకుంటారట. అందరూ బాగుందన్నారు. రేపు మావారు షాపుకు వెళ్తూ రేణిగుంటలో డబ్బాలో వేస్తారు. అది రేణిగుంట నుంచి తిరిగి వచ్చి, మా వంటింటి కిటికీలోంచి కనిపించే ఇంటికి చేరాలి... నవ్వు ఆపుకోలేక లోపలికి వచ్చేశాను.

జూన్ 1.
పోస్ట్‌మాన్ ఆ ఇంటి ముందు సైకిలు ఆపాడు.

జూన్ 3.
జవాబు వచ్చింది. అదీ పోస్టులోనే. కార్డంతా ఒకే ముక్క – ఇయ్యను.
మాస్టారు దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి మురిసిపోయారు. ఎంత స్పష్టంగా చెప్పాడండీ, ఇలాంటి మనిషి మనలో ఉండాల్సింది, అని. మాస్టారు తన నీళ్ళు తనే మోసుకుంటారు, ఆ మాట కాదనను.

జూన్ 5.
బడులు తెరిచేలోగా కొళాయి రాకపోతే మళ్ళీ తిరుపతికే అన్నారు ఈయన. మా పాత పోర్షన్ ఖాళీగానే ఉందట. నీ నడుము పోతుంది వనజా, అంటున్నారు. నా మంచికే, తెలుసు.
ఆ పోర్షన్... పొద్దుపోయిందంటే కరెంటు మెయిన్ ఆపేసే ఓనరమ్మ. ఉల్లిపాయ వేయిస్తే మేడ మీద దగ్గు. చుట్టాలొస్తే ఎన్నాళ్ళుంటారని లెక్క. ఇన్నేళ్ళూ అక్కడ గుసగుసగా బతికాను. పాట వచ్చన్న సంగతే మరిచిపోయాను.
వెళ్ళను. – ఇక్కడ రాశాను. పైకి అనలేదు.

జూన్ 6.
ఈయనే ఇంకో దారి తెచ్చారు. పంచాయతీకి అర్జీ. బావి వాళ్ళ చేతికి ఇచ్చేస్తే పైపు వాళ్ళే వేస్తారు, చెంగల్రాయుడు గారు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. సంతకాలు మాత్రం మా పద్ధతిలో – ఇంటికొకటి కాదు, మనిషికొకటి. మాస్టారు పెట్టలేదు. మిగిలిన మగవాళ్ళు చాలామంది పెట్టేశారు. నీళ్ళు మోసి మోసి విసిగినవాళ్ళు, తప్పుపట్టను.
ఈయన పెన్ను తెచ్చి వంటింట్లో నా చేతికి ఇచ్చారు. నేను పెట్టనన్నాను.
"నేను పెట్టినాను గదా."
"అది మీ సంతకం."
కోపం రావాలో నవ్వు రావాలో తేలక... "బాగానే నేర్పించుకున్నానే" అన్నారు. మరి నీళ్ళెట్లా వస్తాయి? నేను వెళ్ళి అడుగుతానన్నాను. అడిగినాం గదా అన్నారు.
"కార్డు అడిగింది. మనిషి ఎవరూ పోలేదు."
రాత్రి భోజనంలో మజ్జిగ రెండోసారి అడిగి పోయించుకున్నారు. కోపం లేనట్టే.

జూన్ 7.
వట్టి చేతులతో, వట్టి మాట కోసం ఒక ఇంటికి ఎలా వెళ్ళాలో తెలియదు. ఆడవాళ్ళకు ఉన్న దారి ఒకటే – చేబదులు. సోల పట్టుకుని వెళ్ళి, చెంగల్రాయుడు గారి భార్య కాంతమ్మను దోసెలకు ఉద్దిపప్పు అడిగాను. మా ఇంట్లో డబ్బా నిండా ఉన్నా. కాపురానికి వచ్చాక ఒకరింట చేబదులు అడగడం ఇదే మొదలు.
"ఇన్నాళ్ళకు మా వాకిలి కనబడిందా వనజమ్మా" అంది. సోల అంచుదాకా కొలిచి పోసింది.
ఆయన అరుగు మీద ఎద్దుకు పలుపు పేనుతున్నారు. నిలబడే అడిగాను. అన్నా, కొళాయి పైపు మీ చేనులో పోనీయండి, అని.
పలుపు పక్కన పెట్టారు.
"బావిలో భాగం వద్దంటి. అంతే గదమ్మా నేను చేసింది? ఆ పొద్దు నుంచి ఒక్కరూ పలకరించలే. ఎదురుపడితే పక్కకు తప్పుకుంటారు. నన్ను వెలేసినారనుకుంటి. ఎదురింటికి కార్డు పోస్టులో వస్తాదా యాడన్నా?"
వెలివేత కాదన్నా, మళ్ళీ అడిగితే మిమ్మల్ని బలవంతపెట్టినట్టు అవుతుందని, మీ ఇష్టానికి అడ్డం రాకూడదని... చెబుతుంటే నా చెవికే ఎలాగో ఉంది. కాంతమ్మ స్తంభం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. చివరికి కింద కూర్చుండిపోయింది. ఆయనకూ నవ్వు వచ్చింది, మీసం కింద.
"అడిగింటే వద్దనింటానా. ఏసుకోండి. తవ్వొద్దు, నేల మీదనే. నాకు వద్దనిపిస్తే ఆ పొద్దే తీసెయ్యల్ల. కాయితం గీయితం రాసియ్యను. నా ఇష్టం నాది – మీ మాస్టారు చెప్పేదీ అదే గదా?"

జూన్ 8.
ఒప్పందం రాసుకోకుండా పైపు ఎలా వేస్తామని మాస్టారు చాలాసేపు వాదించారు. ఎవరితో వాదించారో తెలియదు, ఆయన మాటకు ఎవరూ అడ్డం రాలేదు. చివరికి తనే – ఆయన మనకంటే ముందున్నాడండీ – అని చేతులెత్తేశారు.
అర్జీ మీద ఎవరి సంతకం వాళ్ళే కొట్టేశారు. ఈయన అందరికంటే చివర. పెన్ను జేబులో పెట్టుకుంటూ నా వైపు చూడలేదు.

జూన్ 11. ఆదివారం.
నీళ్ళు!
స్విచ్చి ఎవరు వేయాలో ఎవరూ చెప్పకూడదు గనక వీధంతా బావి దగ్గర కొత్తగా బిగించిన మోటారు దగ్గరికి వచ్చింది. ఒకరి చేతి మీద ఒకరి చెయ్యి. నల్ల పైపు చేను మీద కదిలింది, దగ్గింది, ఎర్రమట్టి కక్కింది... తర్వాత తేటనీరు. మాస్టారు చొక్కా తడిసినా పక్కకు జరగలేదు. చెంగల్రాయుడు గారు తన గట్టు మీద నిలబడి చూశారు. ఈసారి అందరూ పలకరించారు, వరసబెట్టి, ఊపిరాడనివ్వకుండా. కాంతమ్మ అయితే, కార్డు రాయలేదేం అని ఒక్కొక్కరినీ అడిగింది.
దుప్పట్లు ఉతికాను. తెరలు ఉతికాను. ఉతికినవే మళ్ళీ ఉతికాను. పాట ఆపలేదు.

జూన్ 12.
మోటారు దగ్గరికి ఒక్కరూ రాలేదు. వేసేవాళ్ళు వేస్తారని అందరూ అనుకున్నారు. నేనే వేశాను. కోపం లేదు, నాకు నీళ్ళు కావాలి.

జూన్ 14.
నిన్న రాత్రి వాన, గట్టిదే. చెంగల్రాయుడు గారు పొద్దున్నే చేనులో నిలబడి పైపు వైపు చూస్తున్నారు. అదును వచ్చింది. సెనక్కాయ పంటకు దున్నాలి. పైపు నేల మీద ఉండగా మడక ఎలా సాగుతుంది?
ఆయన ఏమీ అనలేదు. మావాళ్ళు ఎప్పటిలాగే – ఆయన అనేదాకా మనం అనకూడదంటున్నారు. ఈయన మాత్రం షాపుకు వెళ్తూ, నువ్వు పోయి అడుగు, అన్నారు. తిరుపతి ఊసు ఎత్తలేదు. పొద్దుగూకాక, ఆయన చేను నుంచి వచ్చాక వెళ్తాను. ఏమంటారో...
మధ్యాహ్నం పప్పు తీసుకెళ్తే కాంతమ్మ పట్టుకోలేదు. "ఇచ్చేస్తే ఇంక ఏ సాకు పెట్టుకోని వస్తావు?" అంది. సాకు లేకుండానే వస్తానని చెప్పి చేటలో పోసి వచ్చాను.
కాంతమ్మ దగ్గర చేబదులు, ఉద్దిపప్పు సోలెడు – చెల్లు.